వచ్చిన వాహనం

నెలంతా తను తిరిగిన దారికి కంపెనీ ఏం ధర కట్టిందో తాయప్పకు పెట్రోలు బంకులో తెలిసింది. బండికి స్టాండు వేసి, ట్యాంకు మూత తీసి, "ఫుల్లు కొట్టప్పా" అన్నాడు. అంతలో జేబులో ఫోను మోగింది. ట్రావెల్ బిల్లు బ్యాంకులో పడిందని మెసేజి. ఆ అంకె చూశాడు. ఫోను అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చూశాడు. దుమ్ము వల్ల అంకెలు తగ్గవని తెలిసే తుడిచాడు.

"రెండు నూర్లకే కొట్టు" అన్నాడు.

"ఫుల్లంటివే" అన్నాడు పంపు పట్టుకున్నవాడు.

"ఇప్పుడు రెండు నూర్లంటాండా. కొట్టు."

అక్కణ్ణుంచి తిన్నగా బళ్లారి గాంధీనగర్‌లోని ల్యాబుకు పోయాడు. సండూరు కొండల్లో తవ్విన ఇనుప రాయి అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య తగవు రాకుండా, అందులో ఇనుము నూటికెంత ఉందో తేల్చి చెప్పడం ఆ ల్యాబు పని. గనుల దగ్గర పోసిన కుప్పల్లోంచి నమూనా తీసి తేవడం తాయప్ప పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని.

బిల్లులు చూసే నేత్ర అతన్ని గుమ్మంలో చూడగానే కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. "నువ్వొస్తావని తెలుసన్నా. కిలోమీటరుకు ఐదుండేది మూడు చేసినారు. నాకు గూడ బిల్లులు ఎక్కిచ్చేటప్పుడే కనపడె. కాగితమేమీ రాలే."

"యా తేదీ నుంచి?"

"పోయిన నెల ఒకటో తేదీ నుంచి."

"పోయిన నెల నేను తిరిగేసినా కదమ్మా."

నేత్ర కీబోర్డు మీద లేని దుమ్ము దులిపింది. తిరిగేసిన దారిని వెనక్కి చుట్టి ఎవరికిస్తారు? అడగాల్సింది ఈ పిల్లను కాదని తాయప్పకూ తెలుసు. లోపలి గది తలుపు తోశాడు.

బ్రాంచి మేనేజరు గోపీకృష్ణకు ముప్ఫై నాలుగేళ్లు. సిరుగుప్ప వైపు కాలువ కింద వరి పండించే కోస్తా వాళ్ల కుటుంబం. తాత కాలంలో ఇక్కడికి వచ్చినా ఇంట్లో 'అండీ' పోలేదు. ఆ 'అండీ'తోనే మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం అతనికి బాగా వచ్చు.

"కూర్చోండి తాయప్పగారూ" అన్నాడు. కుర్చీ మీద ఫైళ్లున్నాయి. అతను తియ్యలేదు, తాయప్ప కూర్చోలేదు.

"రేటు తగ్గించినారంట సార్."

"హెడ్డాఫీసు పాలసీ అండీ. నా చేతుల్లో లేదు."

"ముందుగా చెప్పింటే బాగుండు."

"చెప్తే ఏం చేసేవారు? నడిచి వెళ్లేవారా?" తన మాట తనకే నచ్చి గోపీకృష్ణ కాసేపు నవ్వుకున్నాడు.

"మూడు రూపాయలు పెట్రోలుకే సరిపోతాది సార్. ఆ గనుల దారిలో టైర్లు, చైను, బ్రేకులు..."

"అసలు బైకెందుకండీ? పార్టీ జీపు రోజూ పొద్దున్నే బళ్లారి నుంచి గనికి వెళ్తుంది కదా, సగం ఖాళీగా. అందులో వెళ్లండి. మీ తోటి శాంప్లరు భీమేష్ వెళ్లట్లా? ఆయన్నేమైనా కొరుక్కుతిన్నారా?"

పార్టీ అంటే మాలు అమ్మే గనివాళ్లు. ఈ పనిలో చేరిన రోజున తాయప్పకు మొదట నేర్పింది స్కూపు పట్టుకోవడం కాదు. పార్టీ బండి ఎక్కకూడదు, పార్టీ టీ తాగకూడదు, దాహమైతే నీ సీసాలో నీళ్లు నువ్వు తాగాలి. ఇనుము నూటికి ఒక పాలు అటూ ఇటూ అయితే లక్షలు చేతులు మారే చోట, నమూనా తీసేవాడు ఎవడి పక్కన కూర్చుని వచ్చాడన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ప్రతి కుప్పకూ నింపే ఫారంలో, తేదీకీ లాటు నంబరుకూ కింద, 'వచ్చిన వాహనం' అని ఒక గడి ఉంది. ట్రావెల్ బిల్లు పుట్టిందే అందుకు.

"పార్టీ జీపు ఎక్కితే మనం తీసిన నమూనాకు విలువేముంటాది సార్?"

"విలువ మిషన్ చెప్తుందండీ. మీరు కాదు" అని గోపీకృష్ణ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఇక వెళ్లొచ్చని అర్థం.

మర్నాడు తాయప్ప ఎప్పటిలాగే ఆరింటికి బండి తీశాడు. సీటు వెనక గోనెసంచిలో స్కూపు, పట్టా, గుడ్డ సంచులు, లక్క. ముందు సంచిలో నీళ్ల సీసా, రెండు జొన్నరొట్టెలు. కుడితిని దాటగానే లారీల వరస మొదలైంది. తారానగర్ దగ్గరికి వచ్చేసరికి చొక్కా, కనుబొమలు, చేతుల మీది వెంట్రుకలు ఒకే రంగుకొచ్చాయి. వెనక నుంచి పార్టీ జీపు హారను కొట్టి పక్కకు వచ్చింది.

"ఎక్కన్నా" అన్నాడు డ్రైవరు నాగరాజ్. "బండి ఈడ టీ అంగడి కాడ పెట్టు. ఎన్నేండ్లు తింటావు ఈ దుమ్ము?"

"పోప్పా" అన్నాడు తాయప్ప. ఈ మాటా ఆ మాటా ఇద్దరి మధ్యా నడవబట్టి ఆరేళ్లవుతోంది. జీపు వెనక సీట్లో భీమేష్ కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు.

గని వాకిట్లో గార్డు ఎప్పటిలాగే బండి ఆపించాడు. సంచీ విప్పించి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, అప్పుడు లోపలికి వదిలాడు. తాయప్పకు ఆ ఆపడం ఇష్టం. నువ్వు మావాడివి కావు అని చెప్పే పద్ధతి అది.

యార్డులో అతని వంతు కుప్ప రెండు నిలువుల ఎత్తుంది. పార్టీ సూపర్‌వైజరు చిదానంద కుప్పకు ఒక పక్కన నిలబడి, "తాయప్పా, ఈ కడె తీస్కో, ఈడ మెత్తగుండాది" అన్నాడు. నల్లగా మెరిసే మంచి మాలంతా ఆ పక్కనే ఉంది. తాయప్ప వినిపించుకోనట్టు కుప్ప చుట్టూ నడిచాడు. ఎనిమిది చోట్ల పైపొర గీరేసి, మూరెడు లోతు తవ్వి, ఒక్కోచోట ఒక్కో స్కూపు తీశాడు. మొదటి గుప్పెడు ప్లాస్టిక్ సంచిలో వేసి వెంటనే ముడి బిగించాడు. ముడి ఆలస్యమైతే తేమ ఎగిరిపోతుంది, తేమ పోతే తూకం లెక్క తప్పుతుంది. తక్కినదంతా పట్టా మీద పోసి మూడుసార్లు తిరగేసి కలిపాడు. కుప్ప చేసి, నెత్తిన అరచేత్తో అణిచి, కర్రతో నాలుగు పాళ్లు గీశాడు. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు ఉంచి రెండు పారేశాడు. ఉన్నది మళ్లీ కలిపాడు, మళ్లీ నాలుగు పాళ్లు గీశాడు. ఏ పాలు ఉంటుందో ఏది పోతుందో చేతికి కూడా తెలియకూడదు. చివరికి మిగిలినది మూడు సంచుల్లోకి ఎత్తాడు. అమ్మేవాడికి ఒకటి, కొనే ఫ్యాక్టరీకి ఒకటి, ల్యాబుకు ఒకటి. మూడింటికీ లక్క ముద్ర.

చిదానంద చేతులు కట్టుకుని చూసి ఉమ్మేసి పోయాడు. తాయప్ప అంటే యార్డులో ఎవరికీ ప్రేమ లేదు. కానీ ఫారం మీద అతని పేరుంటే ఫ్యాక్టరీ వాళ్లు రెండోసారి నమూనా అడగరు. తాయప్ప తీసిన మాలా, అయితే పోనీ అంటారు. ఆ ఒక్క మాట మీదే అతను ఇన్నేళ్లూ ఆ దుమ్ములో తలెత్తుకుని తిరిగాడు.

పక్క కుప్ప దగ్గర భీమేష్ మోకాలి మీద ఫారం పెట్టుకుని నింపుతున్నాడు. తాయప్ప వంగి చూశాడు. వచ్చిన వాహనం: సొంత బైకు.

"జీపులో వస్తివి కదప్పా."

"ఎవురు చూస్తార్లే అన్నా."

"బిల్లు గూడ పెడ్తావా?"

"పెట్టకుంటే ఎట్ల? ఇద్దరు పిల్లోల్ల ఫీజుండాది. రెండు నెల్లకు పెడ్తి. ఇప్పుడు దాన్నీ మూడు చేసిరి" అన్నాడు భీమేష్. కంపెనీ తనను మోసం చేసినట్టే చెప్పాడు. తాయప్పకు చిర్రెత్తుకొచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది, రెంటినీ మింగి ఫారం తీసుకుని కూర్చున్నాడు. 'సొంత బైకు' అని రాస్తూంటే పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ రెండు మాటలు చదివాడు.

సాయంత్రం ఇంటి ముందు బండి కడుగుతుంటే భార్య పక్కీరమ్మ వచ్చి వెనక టైరును వేలితో రుద్ది చూసింది. "దారాలు కనపడ్తాండాయి. ఈ నెల మారుస్తానంటివి."

"ఈ నెల కాదు."

విషయం చెప్పాడు. ఆమె మొదట కంపెనీని తిట్టింది, తర్వాత మేనేజరును తిట్టింది, ఆ తర్వాత నిదానంగా అడిగింది. "జీపు ఎక్కితే ఏమైతాది? వాల్లే ఎక్కమంటాండారు కదా. ఘాట్‌లో టైరు పేలి నువ్వు లారీ కిందికి పోతే, తాయప్ప మంచోడని వాల్లేమన్నా మాకు అన్నం పెడ్తారా?"

తాయప్ప మగ్గుతో టైరు మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

బుధవారం మళ్లీ గోపీకృష్ణ గదికి పోయాడు.

"సార్, జీపులో పొమ్మన్నది రాసియ్యండి."

"ఏంటండీ?"

"నోటితో చెప్పినారు. కాగితం మీద రాసిస్తే పోతాను."

గోపీకృష్ణ మొహం గట్టిపడింది. "నేనేమన్నా దొంగతనం చెయ్యమంటున్నానా, రాసివ్వడానికి భయపడ్డానికి? ఇదిగో, చూడండి" అని ఫోను తీసి టకటకా కొట్టాడు. తాయప్ప జేబులో ఫోను మోగింది. నమూనాలు తీసే శాంప్లర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజి. నేటి నుంచి పార్టీ వాహనం ఉన్న రూట్లలో అందరూ అందులోనే వెళ్లాలి, ఆ రూట్లకు బైకు బిల్లు ఇవ్వబడదు. "చాలా? ఇంకా స్టాంపు కావాలా?"

"చాలు సార్" అన్నాడు తాయప్ప. అతనికి కోపం పోయింది. కోపం పోయి వేరే ఏదో వచ్చి కూర్చుంది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఉత్తరం వచ్చినట్టు అనిపించింది.

గురువారం బండి ఇంట్లోనే ఉంది. కూడలిలో నిలబడి ఉన్న తాయప్పను చూసి నాగరాజ్ బ్రేకు గట్టిగా తొక్కాడు.

"ఏందన్నా, బండికేమాయె?"

"బండికేం కాలే. నీ జీపులో వస్తాండా."

నాగరాజ్ ముందు సీటు మీది తువ్వాలు తీసి దులిపి, చోటు చూపించాడు. మంచివాడే. దారంతా కన్నడ పాటలు పెట్టాడు, కిటికీ అద్దం ఎక్కించాడు, తారానగర్‌లో టీ అంగడి ముందు ఆపి రెండు టీలు చెప్పాడు. తాయప్ప తన సీసాలో నీళ్లు తాగాడు. అంగడి బెంచీ మీదున్న లారీ డ్రైవర్లు అతన్నీ జీపునూ మార్చి మార్చి చూశారు. వాళ్లలో ఒకడు ఏదో అన్నాడు, తక్కినవాళ్లు నవ్వారు. వెనక సీట్లో భీమేష్ హాయిగా నిద్రపోయాడు.

గని వాకిట్లో గార్డు కర్ర పైకెత్తేశాడు. సంచీ విప్పమనలేదు, సంతకం అడగలేదు. జీపులోని తాయప్పకు నవ్వుతూ సలాం కొట్టాడు. ఆ సలాం తాయప్పకు చెంపదెబ్బలా తగిలింది.

కుప్ప చుట్టూ నడిచాడు. ఎనిమిది చోట్ల తవ్వాడు. కలిపాడు, అణిచాడు, గీశాడు, పారేశాడు. చిదానంద ఈసారి 'ఈ కడె' అనలేదు. కొబ్బరిబొండం కొట్టించి పంపాడు. అది పట్టా పక్కనే ఎండలో అలాగే ఉండిపోయింది. లక్క ముద్రలు వేశాక తాయప్ప ఫారం పుస్తకం తెరిచి అన్ని గడులూ నింపాడు. చివరి గడిలో మెల్లగా, ఒత్తి ఒత్తి, మూడు కాపీలకూ దిగేలా రాశాడు. వచ్చిన వాహనం: పార్టీ జీపు. కింద జీపు నంబరు కూడా వేశాడు.

సంతకం పెట్టబోయిన చిదానంద ఆగిపోయాడు. "యావ తలకాయ రాసినావప్పా ఇది? చించెయ్. కొత్తది రాయి."

"నంబర్ల పుస్తకమది. చింపరాదు."

"ఫ్యాక్టరీవాల్లు చూస్తే మాలు తీసుకుంటారా? నీకు తెలీదా?"

"తెలుసు. జీపులో వస్తి, జీపని రాస్తి. నువ్వు సంతకం పెట్టు."

చిదానంద కన్నడలో తిట్టిన తిట్లు ఇక్కడ రాసేవి కావు. సంతకం మాత్రం పెట్టాడు. పెట్టకపోతే లారీ కదలదు. తాయప్ప పక్క కుప్పకు పోయి, "నువ్వు గూడ నిజం రాయి భీమేషూ" అన్నాడు. భీమేష్ ఫారం మీద మోచెయ్యి పెట్టి మూసుకున్నాడు.

ఆ సాయంత్రం తాయప్ప చాలా రోజులకు కడుపు నిండా తిన్నాడు. ఆ కాగితం పోయి కంపెనీని అడుగుతుంది అనుకున్నాడు. తాము అడిగితే లెక్కలేదు, కొనేవాడు అడిగితే చెప్పి తీరాలి. నిజానికి అతను లెక్క వేసినదంతా అలాగే జరిగింది, ఒక్కటి తప్ప.

శనివారం పదకొండింటికి పిలుపొచ్చింది. గోపీకృష్ణ టేబుల్ వెనక నిలబడే ఉన్నాడు.

"ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని అలా?"

"మీరే కద సార్ జీపులో పొమ్మన్నింది. పోయినది రాసినా."

"పొమ్మన్నాను. రాయమన్నానా?" అరిచాడు. "లాటు మొత్తం తిప్పి గని యార్డుకు పంపేశారు. ఫ్యాక్టరీవాళ్లు హెడ్డాఫీసుకు లెటరు కొట్టారు. ఇంతకు ముందు రిపోర్టులన్నీ తిరగేస్తారట. మిమ్మల్ని ఈ క్షణం తీసేస్తే ఎవడు అడుగుతాడు?"

తాయప్ప ఏదో అనబోయేలోపు నేత్ర లోపలికి వచ్చింది. చేతిలో ఒక కాగితం. గ్రూపులో పెట్టిన మెసేజి, తేదీ, టైము, గోపీకృష్ణ పేరుతో సహా ప్రింటు తీసినది. "హెడ్డాఫీసువాల్లు అడిగినారు సార్, ఎవురి ఆర్డరు మీద పోయినారని. ఇది పంపమంటారా?" అంది. ఆమె గొంతులో ఏ ఎత్తిపొడుపూ లేదు. ఫైలు ఎక్కడ పెట్టాలని అడిగినట్టే అడిగింది.

గోపీకృష్ణ కుర్చీలో కూర్చున్నాడు. కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత ఫోను తీసుకుని బయటికి పోయి పావుగంట మాట్లాడి వచ్చాడు. గ్రూపులో మెసేజి చెరిపేశాడు. మధ్యాహ్నానికి నేత్ర కంప్యూటరులో మూడు మళ్లీ ఐదయింది, పోయిన నెల ఒకటో తేదీ నుంచే. అదీ ఎవరికీ చెప్పకుండానే. ఆమె కిటికీలోంచి తాయప్పకు ఐదు వేళ్లు చూపించింది.

సాయంత్రం ఇంటికి బయల్దేరబోతుంటే గోపీకృష్ణ మళ్లీ పిలిచాడు. ఈసారి కుర్చీ మీది ఫైళ్లు తీసి ఉన్నాయి.

"కూర్చోండి తాయప్పగారూ. లెటరులో రెండో పేరా మీరు వినలేదు." చదివాడు. "నమూనా మళ్లీ తీయవలెను. పార్టీ వాహనములో వచ్చిన సదరు శాంప్లరును ఇకపై మా లాట్లకు పంపరాదు." కాగితం మడిచి కింద పెట్టాడు. "నేను రాసింది కాదండీ ఇది. మీరు రాసుకున్నదే."

తాయప్ప కుర్చీ చేతులు పట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్లు ఆ ఫ్యాక్టరీ చూసింది అతని పేరే. ఒక్కరోజు నిజం రాసేసరికి వాళ్లకు కనపడింది జీపే. కంపెనీని అడగాల్సిన కాగితం అతన్నే అడిగింది.

"సోమవారం నుంచి మిషన్ రూములో చూసుకోండి. రాయి పొడి కొట్టడం. జీతం అదే. ట్రావెల్ బిల్లు మాత్రం ఉండదు లెండి, తిరిగేది లేదు కదా" అన్నాడు గోపీకృష్ణ. ఇదంతా చాలా మర్యాదగా చెప్పాడు.

"మల్లా నమూనా ఎవురు తీస్తారు సార్?"

"భీమేష్. ఆయన ఫారాలు అన్నీ క్లీనుగా ఉన్నాయి."

సోమవారం పొద్దున ఏడింటికి తాయప్ప మిషన్ రూములో తలకూ ముక్కుకూ తువ్వాలు చుట్టుకుని, పొడి కొట్టే మిషన్ డబ్బాలు తుడుస్తున్నాడు. భీమేష్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో సంచి, చంకలో ఫారం పుస్తకం.

"అన్నా, నా బండి స్టార్టు కాలే. రెండు నెల్లు ఊరికే నిలబెట్టింటి కదా, బ్యాటరీ పాయె. ఈ పొద్దు జీపు ఎక్కేకి లేదు. నీ బండి ఇస్తావా?"

తాయప్ప చేతులు తుడుచుకుని జేబులోంచి తాళంచెవి తీశాడు. "ఎనక టైరు చూస్కో. ఘాట్‌లో నిదానంగా పో."

భీమేష్ చెయ్యి చాచాడు. తాయప్ప తాళంచెవి ఇంకా వదల్లేదు.

"ఫారంలో ఏం రాస్తావు?"

"సొంత బైకు. ఇంగేం రాయల్ల?"

"తాయప్ప బైకు అని రాయి. నంబరు గూడ వెయ్యి."

భీమేష్ నేల చూశాడు. "అట్ల రాసేకి కాదన్నా" అన్నాడు చివరికి. వెక్కిరింత లేదు, నిజంగానే బాధపడుతూ చెప్పాడు. "నీ పేరు కనపడితే మాలు మల్లా ఎనక్కొస్తాది."

మిషన్ ఇంకా వెయ్యలేదు కాబట్టి ఆ మాట గదిలో బాగా వినపడింది. తాయప్ప తాళంచెవి తిరిగి జేబులో వేసుకున్నాడు. తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. ఇన్నేళ్లూ తను మోసింది స్కూపూ సంచులూ కాదని, ఆ పేరేనని, అది ఇప్పుడు అరువుకు కూడా పనికిరాదని అతనికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఏడుపొచ్చింది. ఈ భీమేష్ ముందు ఏడవకూడదని గట్టిగా అనుకున్నాడు.

"సండూరు బస్సుండాది ఏడున్నరకు" అన్నాడు. "తారానగర్‌లో దిగి నడువు. రెండు మైళ్లు. గేటు కాడ గార్డు సంచి అడక్కపోయినా నువ్వే విప్పి చూపించు. సంతకం నువ్వే అడిగి పెట్టు. ఎనిమిది చోట్ల తవ్వు, మూరెడు లోతు. చిదానంద చెప్పిన పక్క తియ్యద్దు."

"బస్సులో పోతే ఆలస్యమైతాది కదన్నా."

"కానీ."

భీమేష్ సంచి భుజాన మార్చుకున్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు చూసి మెట్లు దిగిపోయాడు. తాయప్ప మిషన్ స్విచ్చి వేశాడు. రోజంతా ఎవరెవరో తెచ్చిన రాళ్లు పొడి కొడుతూ ఉండిపోయాడు. పక్కీరమ్మ కట్టిచ్చిన రొట్టెలు మధ్యాహ్నం తిన్నాడు, వాటిల్లో దుమ్ము లేదు.

సాయంత్రం అయిదు దాటాక నేత్ర ఒక గుడ్డ సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. లక్క ముద్ర సరిగ్గా ఉంది. మెడకు ఫారం మూడో కాపీ కట్టి ఉంది. తాయప్ప దాన్ని లైటు కిందికి తెచ్చి, పైనుంచి ఒక్కో గడీ చదివాడు. తేదీ, లాటు నంబరు, తవ్విన చోట్లు ఎనిమిది. చివరి గడిలో భీమేష్ వంకర అక్షరాలు. వచ్చిన వాహనం: బస్సు, నడక. పక్కన టికెట్టు పిన్ను కొట్టి ఉంది. చెమటకు తడిసి మెత్తబడ్డ టికెట్టు.

తాయప్ప దాన్ని వేలితో సాపు చేశాడు. తర్వాత బ్లేడు తీసుకుని సంచి ముద్ర కోశాడు.